మేనమామ మొదటి సంతకం

మొన్నీమధ్య ఓటర్ల జాబితా సరిచూసే అమ్మాయి ఒకతె వట్లూరులోని మా ఇంటికి వచ్చి, మా అక్క ఓటు ఇంకా తాడేపల్లిగూడెంలోనే ఉండిపోయిందని, ఎలాగూ నా దగ్గరే ఉంటోంది కాబట్టి ఇక్కడికి మార్పించుకుంటే మంచిదని ఎంతో మర్యాదగా చెప్పింది. ఎవరి ఓటు ఎక్కడుంది అన్న సంగతి మా ఇంట్లో ఒకప్పుడు ఎంత పని చేసిందో పాపం ఆ పిల్లకేం తెలుసు! అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనే ఆ అమ్మాయికి కాస్త మజ్జిగ ఇచ్చి, తర్వాత చూద్దాంలే అని సాగనంపాను. ఆ మధ్యాహ్నమంతా ఏ పని చేస్తున్నా నాకు మా బావగారే గుర్తుకొచ్చారు.

బావగారిది కొల్లేటి లంక. ఆయన చిన్నతనంలోనే తండ్రి పోతే, సరస్సుకు అవతలి ఒడ్డున ఉండే మేనమామే పెంచి పెద్దచేశాడు. వానాకాలంలో నీళ్ళు గట్టెక్కి దారులన్నీ మునిగిపోతే, ఆ మేనమామ తన దోనెలో కూర్చోబెట్టుకుని బడికి దింపి, సాయంత్రం మళ్ళీ వచ్చి తీసుకెళ్ళేవాడట. అలా చదివి బావగారు ప్రభుత్వ బడిలో మాస్టారయ్యారు, గూడెం దగ్గర ఉద్యోగం వచ్చింది, మా అక్కను చేసుకున్నారు. గూడెంలో కాపురం పెట్టారన్న మాటే గానీ మనిషి అక్కడ ఎక్కడున్నారు! ఆదివారం వస్తే భీమడోలులో బస్సు దిగి, ఏదో ఒక సైకిలు పట్టుకుని లంకల్లోకి వెళ్ళిపోయేవారు. ఒకరికి పింఛను అర్జీ, ఇంకొకరికి రేషను కార్డు, వేరొకరి పిల్లకు హాస్టల్లో సీటు. పెళ్ళయిన నాటి నుంచీ ఆదివారం పూట మొగుడితో కలిసి భోంచేసిన పాపాన పోలేదని అక్క దెప్పుతూ ఉండేది, దెప్పుతూనే ఆయన సంచిలో మరమరాల పొట్లం పెట్టేది.

రెండు వేల సంవత్సరం దాటాక సరస్సులో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెంచేసిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. సరస్సుకు అది మంచే చేసిందని చదువుకున్నవాళ్ళు అన్నారు, అయి ఉండవచ్చు, నేను కాదనను. కానీ చిన్న చిన్న వాటాల మీద బతికిన కుటుంబాలు మాత్రం ఒక్కసారిగా వీధిన పడ్డాయి. వాళ్ళ కోసం బావగారు రాయని అర్జీ లేదు, ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. చివరికి విసిగిపోయి, మన మాట మనమే శాసనసభలో చెప్పుకోవాలి తప్ప ఎవరో చెబుతారని కూర్చుంటే ఇంతేనని, ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడతానన్నారు. ప్రభుత్వ జీతం తీసుకునేవాడు పోటీ చేయకూడదు కాబట్టి ఉద్యోగానికి రాజీనామా చేశారు. స్వచ్ఛంద పదవీ విరమణకైతే ముందుగా నోటీసు ఇచ్చి నెలల తరబడి ఆగాలి, అంత వ్యవధి లేదు. రాజీనామా అంటే పింఛను కూడా పోయినట్టే. అక్క రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు ఆయన నామినేషనుకు కట్టుకోవడానికి కొత్త పంచె కొనుక్కొచ్చింది.

మా పిన్ని కొడుకు ఏలూరు కోర్టులో అప్పుడప్పుడే ప్రాక్టీసు మొదలుపెట్టాడు, నాకు వరసకు తమ్ముడు, వాడే మాకు సలహాదారు. బావగారి ఓటు గూడెంలో ఉంది, పోటీ చేసేదేమో లంకలున్న నియోజకవర్గంలో. ఫర్వాలేదు, అభ్యర్థి ఓటు రాష్ట్రంలో ఎక్కడున్నా చాలు, అక్కడి జాబితా నకలు తెచ్చి జతపరిస్తే సరిపోతుందని తెలుసుకొచ్చాడు. పార్టీ లేనివాళ్ళను పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలని కూడా చెప్పాడు. మాకు కొండంత బరువు దిగింది. ఓటు ఎక్కడున్నా ఫర్వాలేదన్న ఆ మాట అభ్యర్థికే గానీ ప్రతిపాదించేవాళ్ళకు కాదని, వాళ్ళ ఓట్లు మాత్రం ఆ నియోజకవర్గంలోనే ఉండాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు తలచుకుంటే ఇంత చిన్న సంగతి ఎలా తట్టలేదా అని ఒళ్ళు మండుతుంది.

తట్టకపోవడానికి ఒక కారణం ఉంది. మాలో ఏ శుభకార్యానికైనా మేనమామ చెయ్యి ముందు పడాలి. పుట్టువెంట్రుకల నాడు మొదటి కత్తెర ఆయనది, పెళ్ళిలో బుట్టలో పెళ్ళికూతుర్ని తెచ్చేదీ ఆయనే. అలాంటిది మేనల్లుడు ఎమ్మెల్యేగా నిలబడుతుంటే మేనమామ లేకుండా కాగితం మీద కలం ఎలా పెడతారు? ఆయన అవతలి ఒడ్డు మనిషి, ఆయన ఓటు ఆ ఒడ్డునే, అప్పట్లో అది జిల్లా కూడా వేరు. ఇవన్నీ మాకు తెలిసినవే. తెలిసి కూడా, దోనెలో గడియసేపట్లో వచ్చిపోయే మనిషిని పరాయి చోటివాడని ఎవరం అనుకోలేదు.

నామినేషన్ల ఆఖరి రోజున ఏలూరులో ఎండ నిప్పులు చెరుగుతోంది. రాజీనామా ఆమోదించిన కాగితం అప్పటికి గానీ చేతికి రాలేదు. డప్పులూ లేవు, జెండాలూ లేవు, లంకల్లోంచి ఉతికిన పంచెలు కట్టుకుని వచ్చిన పెద్దవాళ్ళు బావగారి వెనక నడిచారు. అక్షరాలు కూడబలుక్కుని చదివే ఆ మేనమామ, ఆఫీసు వరండాలో బల్ల మీదకు వంగి, నాలుక పంటికింద పెట్టుకుని, అందరికంటే పైన మొదటి సంతకం చేశాడు. బావగారు లోపలికి వెళ్ళి నామినేషను ఇచ్చి, దేవుడి పేరు మీద ప్రమాణం చేసి, పసిపిల్లాడిలా నవ్వుకుంటూ బయటికి వచ్చారు.

ఇంకా కాస్త సమయం ఉంది. పెద్ద పార్టీలవాళ్ళు నామినేషన్లు నాలుగేసి సెట్లు వేస్తున్నారు, ఎందుకైనా మంచిది, చుట్టూ ఇంతమంది ఉన్నారు కదా, మనమూ ఇంకో సెట్టు వేద్దామని మా తమ్ముడు అన్నాడు. బావగారు సరేనంటూ జేబులోంచి కలం తీశారు కూడా. మేనమామ మొహం చిన్నబుచ్చుకున్నాడు.

“ఏరా, నా సంతకం చాల్లేదేంట్రా? మేనమామ చెయ్యేశాక మళ్ళీ ఇంకో చెయ్యేంటి, అపశకునం కాదేంటి?”

బావగారు కలం మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. ఆయన్ని నేను తప్పుపట్టలేను. మీరైనా ఆ ముసలాయన మొహం చూసి ఉంటే అదే చేసేవారు.

మర్నాడు పరిశీలన. మేనమామ ఊరెళ్ళిపోయాడు, బావగారూ తమ్ముడూ లోపలికి వెళ్ళారు, అక్కా నేనూ వరండాలో కూర్చున్నాం. కాసేపటికి బావగారు బయటికి వచ్చి మా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. తమ్ముడే చెప్పాడు, మొదటి సంతకం చెల్లదట, మిగిలినవాళ్ళు పదిమంది కారట, నామినేషను తిరస్కరించారట. ఆఫీసరు మంచివాడే, మాస్టారూ క్షమించండి, నా చేతుల్లో ఏమీ లేదు అన్నాడట. వాడలా చెబుతూ ఉంటే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు బావగారు మా ముగ్గురినీ చూసి అన్నారు.

“కాగితాల్లో ఏదో లోపమని చెప్పండి, అంతే. ఆయన సంతకం వల్లనని తెలిస్తే ఆయన బతకడు. మీ ముగ్గురూ నాకు మాటివ్వండి.”

ఇచ్చాం. అదే మా కొంపముంచింది. ఊరందరికీ అర్జీలు రాసిపెట్టే మాస్టారి కాగితాల్లో లోపమేమిటి అని జనం నవ్వారు. లోపల ఉన్న మిగతా అభ్యర్థుల మనుషులకు అసలు కారణం తెలుసు, కానీ నోరు విప్పకపోతేనే వాళ్ళకు లాభం. మాస్టారు డబ్బు తీసుకుని కావాలనే కాగితాలు తప్పు పెట్టాడన్న మాట పుట్టింది, పుట్టి లంక నుంచి లంకకు పాకిపోయింది. మాస్టారికి పడవ గుర్తు వస్తుందని ఎవరో ముందే చెప్పి ఉంచారేమో, పోలింగు రోజున ముసలమ్మలు లోపల పడవ బొమ్మ కోసం వెతికి వెతికి, కనపడక తిట్టుకుంటూ బయటికి వచ్చారట.

ఆ మాట అవతలి ఒడ్డుకూ చేరింది. బావగారూ అక్కా ఒకరోజు మేనమామను చూడటానికి వెళ్ళారు. ఆయన దోనె పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడట. తల ఎత్తలేదట.

“అమ్ముడుపోయావంట కదరా. నా చేత ముందు సంతకం పెట్టించుకుని మరీ అమ్ముడుపోయావా?”

అక్కకు మాట గొంతుదాకా వచ్చిందట. బావగారు ఆవిడ వైపు తిరిగి వద్దన్నట్టు తల ఊపారట. కాసేపు అక్కడే నేల మీద కూర్చుని, లేచి వచ్చేశారు. అప్పటి నుంచి మేనమామ ఆయనతో మాట్లాడలేదు. కొన్నాళ్ళకు పెద్దాయన పోయారని తెలిసి బావగారు పరుగున వెళితే, ఆయన కొడుకులు పాడె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ రాత్రి గూడెంలో బావగారు అన్నం ముందు కూర్చుని ఏడ్చారని అక్క చెప్పినప్పుడు నాకు ఆయన మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరి కోసం దాచారో ఆ మనిషే పోయాక ఇంకా దాపరికం ఎందుకని అడిగాను. పోయినవాడి మీద తప్పు నెట్టి నేను మంచివాణ్ణి అనిపించుకోనా అన్నారు.

ఒకసారి ఆమోదించాక రాజీనామా వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనక రెండు గదులు అద్దెకు తీసుకుని, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఆయన మిగిలిన జీవితం గడిపేశారు. ఆదివారాలు ఇంట్లోనే ఉండేవారు. అక్క అంతకాలం కోరుకున్న ఆదివారాలు అలా దొరికాయి.

బావగారు కూడా పోయారు. ఇప్పుడు జిల్లాలు మారి సరస్సుకు రెండు ఒడ్లూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. ఈమధ్య ద్వారకా తిరుమలలో ఒక పెళ్ళికి వెళితే ఆ మేనమామ కూతురు కనిపించింది, మంచి మనిషి, ఆప్యాయంగా పక్కన కూర్చుంది. మాట తీసుకున్న మనిషీ లేడు, ఎవరి కోసం ఇచ్చామో ఆ మనిషీ లేడు, ఇంక నావల్ల కాలేదు. మొదటి సంతకం దగ్గర నుంచి వరండాలో మాట తీసుకోవడం దాకా అంతా చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా విని నా చెయ్యి నిమిరింది.

“పోనీలెండి అక్కా, ఇప్పుడవన్నీ ఎందుకు? ఈ రోజుల్లో తీసుకోనోళ్ళు ఎవరండీ? బావ తీసుకున్నా తప్పేముంది, పాపం దాంతో ఒక ఇల్లైనా కట్టుకోలేకపోయాడు.”

నేను నమ్మించడానికి మళ్ళీ మొదలుపెట్టబోయి మానేశాను. ఆ మాట నిజమనుకుని ఆవిడ తండ్రి చచ్చేదాకా మేనల్లుడి మొహం చూడలేదు. అదే మాట నిజమనుకుంటూనే ఆవిడ నవ్వుతూ క్షమించేసి, నా విస్తట్లో ఇంకో బూరె వేయించింది. బావగారు ఉండి ఉంటే ఈ మన్నింపు కంటే ఆ ముసలాయన కోపమే తనకు నయమని అనేవారు.