అతను అన్న ‘పో’

తొంభైల చివర్లో విశాఖ పోర్టుకు దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో నాకు నర్సుగా మొదటి ఉద్యోగం. ఓడల్లో దెబ్బలు తగిలినవాళ్లను మా వార్డుకే తెచ్చేవారు. ఒకరోజు ఫిలిప్పీన్స్ నావికుణ్ణి తీసుకొచ్చారు. బొగ్గు దించుతుండగా ఓడ అడుగుకు జారిపడ్డాడట. పక్కటెముకలు విరిగాయి, తలకి దెబ్బ. ముప్పై ఏళ్లుంటాయేమో. అతని ఓడ ఆగలేదు, మర్నాడే వెళ్లిపోయింది.

మొదట్లో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడేవాడు. నాలుగో రోజు జ్వరం పెరిగాక ఆ ఇంగ్లీషు కూడా నోటికి రాలేదు.

వార్డులో ఒక ఆయా ఉండేది. సముద్రమ్మీద బతికే ఇంటి మనిషి, యాభై దాటాయి. మా వైపు అక్కను పిలిచినట్టు ఆమెను అప్పా అనేదాన్ని. మంచం పక్కన స్టూలు లాక్కుని ఆమె కూర్చుంటే, మందుకు తగ్గని బాధ కూడా కాస్త నెమ్మదించేది. ఆ మధ్యాహ్నం తడిగుడ్డతో అతని ముఖం తుడుస్తూ ఉన్నట్టుండి నన్ను కేకేసింది.

“సిస్టరమ్మా, ఈ బాబు నన్ను పొమ్మంతన్నాడు.”

వెళ్లి విన్నాను. “దితో పో” అంటున్నాడు. మళ్లీ మళ్లీ అదే. మొదటి మాట మాకు తెలియదు. రెండోది మాత్రం మన మాటే అనుకున్నాం. నాలుగు రోజులుగా చుట్టూ తెలుగే వింటున్నాడు కదా, అదొక్కటి పట్టుబడిందేమో అనిపించింది. అతని చెయ్యి ఆమె కొంగు పట్టుకునే ఉంది. అది చూశాను. చూసి కూడా, “నొప్పికి చిరాకుపడుతున్నాడప్పా, కాసేపు వదిలెయ్” అన్నాను.

ఆమె అతని వేళ్లు విడదీసి, కొంగు సర్దుకుని పక్క వార్డుకు వెళ్లింది. నేను డాక్టరు వెంట రౌండ్సుకు వెళ్లాను. నాలుగింటికి తిరిగొచ్చేసరికి అతను చనిపోయి ఉన్నాడు. ముఖం తలుపు వైపు తిరిగి ఉంది.

రెండు రోజులకు ఇంకో ఓడ నుంచి అతని దేశస్థుడొకడు సామాన్లు తీసుకోవడానికి వచ్చాడు. మా పెద్ద డాక్టరు కాగితాలు అందివ్వగానే తల వంచి, ఇంగ్లీషులో థాంక్యూ చెప్పి చివర “పో” అన్నాడు. అదేమిటని అడిగాను. విడిగా దానికి అర్థమేమీ లేదట. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మర్యాదకు తగిలిస్తారట, మనం ‘అండీ’ అన్నట్టు. మరి దితో అంటే? “ఇక్కడ” అన్నాడు.

ఇక్కడేనండీ. అతను అడిగింది అంతే.

ఆ సంగతి నాలోనే దాచుకోవాల్సింది. ఒక్కదాన్నే మొయ్యలేక ఆ సాయంత్రమే ఆయాకు చెప్పేశాను. వెళ్లమన్నది నేను, తప్పు నాది అని కూడా అన్నాను. అది ఆమె చెవికెక్కలేదు.

“ఉండమన్నాడా?” అంది. “మరి నాను ఎల్లిపోనాను గదమ్మా.”

వారం తిరక్కుండా బట్టలుతికే చోటికి పని మార్పించుకుంది. ఎవరు ఎంత బతిమాలినా మళ్లీ రోగి మంచం పక్కన కూర్చోలేదు. ఆమె కోసం ఎదురుచూసేవాళ్లు వార్డులో ఎప్పుడూ ఉండేవారు.

పదేళ్ల తర్వాత ఫిషింగ్ హార్బరు దగ్గర బస్టాపులో కనిపించింది. ఒక కంటికి పొర కమ్మింది. గొంతును బట్టి నన్ను గుర్తుపట్టి, పిల్లలెందరని అడిగింది. ఆమె బస్సు వస్తుండగా నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, ఆ బాబుకి తల్లుందా?”

ఉంది. సామాన్లు తీసుకెళ్లినతను చెప్పాడు. కొడుకు పోయాడని ఫోను చేస్తే ఆ తల్లి, దగ్గరెవరున్నారని అడిగిందట.

“తెలీదప్పా” అన్నాను.

“తల్లి నేకపోతే బాగుణ్ను” అంటూ బస్సెక్కింది.

నా బస్సు కూడా వచ్చింది. వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.