నీళ్ల పైపు కట్టేసిన మనిషి

మా ఆయన్ని క్వారీలో అందరూ తుఫాను అనేవారు. బండకు రంధ్రాలు వేసే డ్రిల్లు పట్టుకుంటే ఆయన ముందు ఎవడూ నిలిచేవాడు కాదు. ఆ రంధ్రాల్లో మందు కూరి పేల్చిన రాయితోనే ఈ ఊరికి సినిమా హాలు, బ్యాంకు, బస్టాండు వచ్చాయి. ఇప్పుడు హాల్లో మేకలు పడుకుంటున్నాయి. బ్యాంకు ఎత్తేశారు. మంచి రాయి అయిపోగానే ఓనరు చేతులు దులుపుకుని పోయాడు. దుమ్ము మాత్రం మా మగవాళ్ల ఊపిరితిత్తుల్లో మిగిలిపోయింది.

డ్రిల్లుకు నీళ్ల పైపు ఉంటుంది. నీళ్లు పడుతుంటే దుమ్ము లేవదు కానీ, పని నత్తనడక నడుస్తుంది. "పైపు కట్టేయండ్రా, ఇలాగైతే ఎప్పటికి తెమిలేది" అని నేర్పింది మేస్త్రీయే. ఈయన అందరికంటే ముందు కట్టేశాడు. ఓనరు స్టేజీ ఎక్కించి దండ వేస్తే పొంగిపోయాడు. పిచ్చి మారాజు.

మొన్న లేబరు ఆఫీసరు విచారణకు వచ్చాడు. పైవాళ్లు చెప్పి నీళ్లు ఆపించారని తేలితే, జబ్బుపడిన వాళ్లందరి వైద్యం ఓనరే చేయించాలి. పనివాళ్లు సొంతంగా ఆపుకున్నారంటే చిల్లిగవ్వ రాదు. ఈయనకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"మేస్త్రీ కట్టేయమన్నాడు అనండి. నిజమే కదా. ఆ ఒక్క ముక్క చాలు."

సరేనన్నట్టు తల ఊపాడు.

విచారణలో ఓనరు తరఫు లాయరు నక్కవినయంతో అడిగాడు. "తుఫాను గారూ, మీ అంత వేగం ఇంకెవరికీ రాలేదట. అది మేస్త్రీ చెబితే వచ్చిందా, మీ సొంత పనితనమా?"

ఈ మనిషి వంగిన నడుము నిటారుగా చేశాడు. "ఒకడు చెప్తే వచ్చేదా అది? పైపు నేనే కట్టేశా. నన్ను చూసే మిగతావాళ్లూ కట్టేశారు."

ఆఫీసరు రాసుకున్నాడు. వెనక బెంచీల్లో ఆయనతో పనిచేసినవాళ్లు దగ్గు ఆపుకుంటూ ఈయన్నే చూస్తున్నారు.

బయటికి రాగానే కడిగిపారేశాను. "మీ గొప్ప తగలెయ్య. మనం పోతే పోయాం, వాళ్ల నోట్లో కూడా మట్టి కొట్టారు కదండీ."

ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి అంది మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"మేస్త్రీ చెప్తేనే చేశానంటే, ఇన్నేళ్లూ నేను చేసిందేముందే?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది. ఆయన తూలిపోతుంటే, పక్కన డ్రిల్లు పట్టిన పాత జతగాడే వచ్చి భుజం ఇచ్చాడు. అతని భార్య మాత్రం నా మొహం చూడకుండా వెళ్లిపోయింది. ఆమె స్థానంలో నేనుంటే ఉమ్మేసి వెళ్లేదాన్ని.