సగమెత్తు దగ్గర సున్నా

ఆ కాగితం ప్రకారం, ఆమె పుట్టి పెరిగిన చోట పద్నాలుగు నెలలుగా ఒక్క మనిషి కూడా బస్సెక్కలేదు.

కాగితం ఉదయం పదింటికి ఆమె బల్ల మీదికి వచ్చింది. టికెట్ మిషన్లు సక్రమంగా పనిచేస్తున్నాయని, వాటిలోంచి తీసిన ఈ పద్నాలుగు నెలల అంకెలు సరైనవేనని కింద సంతకం పెట్టాలి. స్టాపుల పేర్లు ఒక వరస, ఎక్కినవాళ్ల సంఖ్య ఒక వరస. సగమెత్తు అన్న పేరుకు ఎదురుగా గుండ్రంగా, శుభ్రంగా ఒక సున్నా. పక్కన చిన్న అక్షరాలతో: తొలగించవలెను.

ఆమె ముందు నవ్వింది. ఆ పొద్దున ఆమె బస్సెక్కిందే సగమెత్తులో. ఎక్కేటప్పుడు ఎవరిదో గొడుగు కొన మోచేతికి గుచ్చుకుంది. అక్కడింకా ఎర్రగానే ఉంది.

డిపోలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. నలభై తొమ్మిదేళ్లు. కండక్టర్లు మెడలో వేలాడేసుకునే టికెట్ మిషన్లను బాగుచేయడం పని. మెట్ల కింద కిటికీ లేని గది. తల తగిలే చోట సైకిల్ ట్యూబు ముక్క అంటించుకుంది. రోజుకు ఇరవై మిషన్లు వస్తాయి. వానలో తడిసినవి, ఫుట్‌బోర్డు మీంచి పడ్డవి, కోపమొచ్చి గుద్దినవి. మీటల రబ్బరు అరుగుదల చూసి అది ఎవరి మిషనో చెప్పగలదు. ఒకసారి ఒక మూత విప్పి, "ఈయనది ఎడమచేతి వాటం. పైగా ఇంట్లో గొడవలున్నాయి" అంది. ఆ మిషను తాలూకు మనిషి మారుమాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఈ పిచ్చి ఆమెకు ఆకాశంలోంచి ఊడిపడలేదు. తాత బొగ్గుతో నడిచే బస్సుకు క్లీనరు. ఎత్తు మీద బస్సు వెనక్కి జారకుండా దిగి చక్రం కింద చెక్క దిమ్మ పెట్టడం ఆయన పని. నాలుగడుగులు ముందుకి, దిమ్మ. మళ్లీ నాలుగడుగులు. బస్సు కంటే తాతే ముందు పైకి చేరేవాడని ఇంట్లో చెప్పుకునేవారు. నాన్న అదే దారిలో ముప్పై నాలుగేళ్లు కండక్టరు. ఆమె పదో ఏట నాన్న టికెట్లకు చిల్లు పెట్టే పంచిని ముక్కముక్కలుగా విప్పింది. తిరిగి బిగించాక ఒక స్ప్రింగు మిగిలింది. పంచి మాత్రం ముందుకంటే తేలికగా పడింది. నాన్న ఆ స్ప్రింగును వెలుగులో పట్టుకుని చూశాడు. "ఇన్నాళ్లూ ఇది ఊరికే తిని కూర్చుందన్నమాట" అన్నాడు. తిట్టలేదు.

కాగితం చూసి నవ్విన నవ్వు సగంలో ఆగింది. సున్నా ఎలా వచ్చిందో ఆమెకు తెలిసిపోయింది.

సగమెత్తు అంటే పేరుకు తగ్గట్టే, ఎత్తుకు సరిగ్గా మధ్యన ఒక బస్టాపు స్తంభం. వెనక చిన్న ఆసుపత్రి, బట్టలు ఉతికే షెడ్లు, నాలుగు వీధుల ఇళ్లు. ఎక్కినవాళ్లందరికీ టికెట్ ఇచ్చాకే కండక్టరు గంట కొట్టాలన్నది నియమం. కానీ నిండు బస్సును ఆ ఏటవాలు మీద అంతసేపు నిలబెడితే వెనక్కి జారేది. అందుకని నాన్న ఒక పద్ధతి పెట్టాడు. "ఎక్కండెక్కండి, టికెట్లు పైన!" అని గంట కొట్టేసేవాడు. బస్సు ఎత్తెక్కి పైస్టాపులో చదునుగా నిలబడ్డాక, అక్కడ తాపీగా టికెట్లు. రెండు చోట్ల నుంచీ ఛార్జీ ఒకటే. ఎవరికీ ఏమీ పోలేదు. నాన్న తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు అదే నేర్పాడు. వాళ్లు వాళ్ల వెనక వచ్చినవాళ్లకు నేర్పారు. పంచి పోయి మిషను వచ్చింది, పద్ధతి పోలేదు. కండక్టరు పైస్టాపు చేరాక ఆ స్టాపు మీట నొక్కి టికెట్లు మొదలుపెడతాడు. సగమెత్తులో ఎక్కినవాళ్లందరూ మిషనుకు పైస్టాపు మనుషులే.

ఆమె కాగితం పట్టుకుని పైఅంతస్తుకు వెళ్లింది. ఆఫీసరు వచ్చి ఆరు నెలలు. మర్యాదస్తుడు. బల్ల మీద కాగితం తప్ప ఇంకేమీ ఉంచుకోడు.

"ఈ అంకె తప్పండి" అంది.

"మీ మిషన్లు అబద్ధం చెప్తాయా?"

"చెప్పవండి. ఏది నొక్కితే అది చెప్తాయి."

"అయితే తప్పు నొక్కింది ఎవరు?"

ఆమె నోరు తెరిచింది. నాన్న పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఇప్పుడు పనిచేస్తున్న కండక్టర్ల పేర్లు చెబితే రేపటికల్లా వాళ్ల కొంపలు మునుగుతాయి.

"రుజువు తెస్తాను."

"శుక్రవారం దాకా చూస్తాను. ఒకటో తారీఖు నుంచి బస్సు అక్కడ ఆగదు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లే బస్సులోనే ఆమె డ్రైవరు వెనక నిలబడింది. తనకంటే పదేళ్లు పెద్దాయన. డిపో మొత్తానికి బాబాయి.

"బాబాయ్, రేపు పొద్దున ఎత్తు మీద టికెట్లు అయ్యేదాకా ఆపాలి."

"నువ్వు మిషన్లు విప్పుకో తల్లీ. నా క్లచ్చు విప్పకు."

"ఒక్క రోజు."

"ఒక్క రోజుకే కాలుతుంది. రెండో రోజుకి మిగలదు." ఆయన అద్దంలోంచి వెనక్కి చూశాడు. "ఏరా బక్కోడా, వింటున్నావా? మీ గురువుగారి కూతురు గురువుగారి పాఠం చెరిపేయమంటోంది."

బక్కోడంటే కండక్టరు. మెడలో మిషను బరువుకే కొంచెం ముందుకు వంగి ఉంటాడు. "మీ నాన్నగారు నాకు నేర్పిన మొదటి ముక్కే అది కదక్కా" అన్నాడు. "రెండోది, మెట్టు మీద నిలబడి పోట్లాడకు అని."

"ఆ రెండోది పాటించు చాలు."

గొణుక్కుంటూనే మర్నాడు ఆపారు. ఇరవై ముగ్గురు ఎక్కారు. బక్కోడు ఒక్కొక్కరికీ టికెట్ కొడుతున్నాడు. బస్సు నిలబడి వణుకుతోంది.

"పైన కొట్టవయ్యా, కొత్తగా పెళ్లికొడుకు వేషాలేంటి!" అని షెడ్డులో పనిచేసే ఒకావిడ కేకేసింది.

"ఇవాళ కిందే అత్తమ్మా, పై నుంచి ఆర్డరు."

"పై నుంచి కిందకా? మధ్యలో మా డ్యూటీ ఏం కావాలి?"

బస్సు ఒక అడుగు వెనక్కి జారింది. జనం ఒక్కసారిగా "ఓయ్" అన్నారు. కాలిన వాసన వచ్చింది. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. నాలుగున్నర నిమిషాలు పట్టింది. కడ్డీ పట్టుకుని నిలబడ్డ మిషనక్కకు, నాన్న ఈ వణుకును రోజుకు ఎన్నిసార్లు కాళ్లతో విన్నాడో మొదటిసారి అర్థమైంది.

ఇరవై మూడు అన్న అంకెను ఆమె ఆఫీసరు ముందు పెట్టింది. ఆయన చదివి పక్కన పెట్టాడు.

"ఒక్క రోజు. అదీ మీరు చెప్పి చేయించింది. చెల్లదు. ఈ పద్నాలుగు నెలల సున్నా ఎలా వచ్చిందో బాధ్యులెవరో రాసి సంతకం పెడితే అది చెల్లుతుంది. పెట్టేవాళ్లు ఉన్నారా?"

"ఉన్నారు" అంది. అనేశాక, ఎవరో తనకే తెలిసి, మెట్లు నెమ్మదిగా దిగింది.

ఇంట్లో ఉండేది ఇద్దరు, ఆమె, అమ్మ. అమ్మ వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లి, అక్కణ్ణుంచి సగమెత్తులో బస్సెక్కి, చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి వెళ్తుంది. మోకాళ్లు అరిగిపోయాయి. ఎత్తు చివరిదాకా నడవడం ఆవిడ వల్ల కాదు. స్టాపు తీసేస్తే ఆ ప్రయాణం అక్కడితో సరి. నాన్న పోయి తొమ్మిదేళ్లు. ముప్పై నాలుగేళ్లలో ఆయన ఒక్క మెమో తీసుకోలేదని అమ్మ చెప్పని చుట్టం లేడు, పాలు పోసే మనిషితో సహా.

మిషనక్క విషయం చెప్పింది. అమ్మ కత్తిపీట పక్కన పెట్టింది.

"చచ్చినవాడికి మెమో ఇప్పిస్తావా?"

"ఇప్పించట్లేదమ్మా. జరిగింది రాస్తున్నా."

"కన్న కూతురే రాసిందంటారు. నలుగురి నోళ్లలో నానాలా ఆయన? స్టాపు పోతే పోనీ. నేను నడుస్తా."

"ఆ మోకాళ్లతోనా?"

"నీవేమైనా అరువిస్తావా? నా మోకాళ్లు, నా ఇష్టం."

"నీ ఒక్కదాని సంగతే కాదుగా. ఆసుపత్రి నుంచి వచ్చేవాళ్లు? షెడ్డు వాళ్లు? పొద్దున్నే ఇరవై ముగ్గురమ్మా. ఆ కాగితంలో వాళ్లెవరూ లేరు. నువ్వూ లేవు. రోజూ ఆ మెట్టెక్కుతున్న నేనూ లేను."

"మరి ఇన్నేళ్లుగా ఆ మిషన్లు నీ చేతుల్లోంచే పోతున్నాయిగా! నీకు తెలియలేదా?"

ఆమె ఇరవై ఏళ్లుగా ప్రతి మిషనునూ పరీక్షించింది. మీట పడుతుందా, అక్షరం వస్తుందా అని చూసింది. ఆ మీటను ఎక్కడ నొక్కుతున్నారో చూడలేదు. అది తన కళ్ల ముందే జరిగేది. చిన్నప్పటినుంచి వింటున్న కేక కాబట్టి తప్పని తోచలేదు. బస్సు చప్పుడులో అదీ ఒక చప్పుడు.

"తెలియలేదు. అదీ రాస్తాను."

అమ్మ కూర ముక్కలు గిన్నెలో వేసింది, మూత పెట్టింది, మళ్లీ తీసింది.

"రాస్తే సగం రాయకు" అంది చివరికి. "ఆపితే బస్సు జారేదని రాయి. ఒకసారి అలా జారినప్పుడు కడుపుతో ఉన్న ఒకావిడ ఫుట్‌బోర్డు మీంచి పడబోతే రెక్క పట్టుకుని లాగాడు. ఆ రోజు నుంచే మొదలుపెట్టాడు. బద్ధకానికి చేశాడన్నట్టు రాశావో, నా ఇంట్లో నీళ్లు ముట్టకు."

ఉత్తరం ఒకటిన్నర పేజీ వచ్చింది. దాంట్లో విశేషణాలు లేవు. సగమెత్తులో ఎక్కినవాళ్లకు పైస్టాపులో టికెట్ ఇచ్చే పద్ధతిని మా నాన్న, ఇదే డిపో కండక్టరు, ఫలానా ఏడాది నియమానికి విరుద్ధంగా మొదలుపెట్టారు. కారణం ఇది. ఆయన తర్వాతివాళ్లు నేర్పిన పని చేశారు. వద్దని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మిషన్లు పరీక్షించే నేను ఇది గమనించాల్సింది, గమనించలేదు. మిషన్లలో లోపం లేదు. అంకె తప్పు. కాబట్టి ఆ కాగితం మీద సంతకం పెట్టను. ఈ ఉత్తరాన్ని మా నాన్న సర్వీసు ఫైల్లో పెట్టుకోవచ్చు.

ఆఫీసరు రెండుసార్లు చదివాడు. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"మేడమ్, నేనూ మనిషినే. ఒక్క మాట మార్చండి. మిషన్లలో లోపం అని రాయండి. మీ నాన్నగారి పేరు రాదు. కండక్టర్ల మీదికి ఎవరూ పోరు. స్టాపు సంగతి పైవాళ్లు మళ్లీ చూస్తామంటారు. అందరికీ గౌరవంగా ఉంటుంది."

"మిషన్లలో లోపం లేదండి."

"ఉంటే ఏమైంది? అవి బాధపడవు కదా."

"నేను పడతాను. ప్రతిదాన్నీ నా చేత్తో విప్పి బిగించాను. బాగున్నదాన్ని పాడైందని రాస్తే, రేపు పాడైనదాన్ని బాగుందని రాయమంటారు."

"మీకే నష్టం."

"తెలుసండి."

"మీ నాన్నగారి మంచిపేరు..."

"ఆయన పేరు ఆయన సంపాదించుకున్నాడు. నేనిచ్చింది కాదు, నా ఒక్క ఉత్తరంతో పోయేదీ కాదు. మీరు ఒకసారి పొద్దున ఏడున్నర బస్సుకి వచ్చి ఆ ఎత్తు మీద నిలబడండి. కూర్చోవడానికి దొరకదు."

ఆయన రాలేదని కొందరు, వచ్చాడని కొందరు, టోపీ పెట్టుకుని వచ్చాడని ఇంకొందరు. ఆమె మాత్రం చూడలేదు. ఒకటో తారీఖున, కాగితంలో తొలగించమన్న మిగతా పది స్టాపుల్లో స్తంభాలు పీకారు. సగమెత్తు స్తంభం జోలికి ఎవరూ రాలేదు. కండక్టర్లకు ఒక సర్క్యులరు వచ్చింది. టికెట్ పైన ఇచ్చుకోవచ్చు, ముందు సగమెత్తు మీట నొక్కాలి అని. నాన్న ఫైల్లోకి ఉత్తరం చేరింది. మూడో తారీఖున ఆమె బదిలీ ఆర్డరు వచ్చింది. ఊరికి అవతలి చివరి డిపో. రెండు బస్సులు మారాలి.

"బహుమానం బాగానే ఇచ్చారే" అన్నాడు బాబాయి.

"రెండు బస్సుల్లో తిరగమంటున్నారు బాబాయ్. తాత ముత్తాతల నుంచీ తిరుగుతున్నదేగా."

"పై వాళ్లకి అర్జీ పెట్టుకో. నలుగురం సంతకాలు పెడతాం."

"పెట్టను. స్టాపు అడిగాను, ఉంచారు. నన్నుంచమని అడుక్కోను."

అమ్మ ఆ వారం కూడా తన స్నేహితురాలి ఇంటికి వెళ్లొచ్చింది. వచ్చాక, "ఆ బక్కోడు మీ నాన్నలా గంట కొట్టలేడు" అని మాత్రం అంది.

కొత్త డిపోలో ఆమె గదికి కిటికీ ఉంది. బల్ల మీద యాభై మిషన్లు గుట్టగా పోసి ఉన్నాయి. అక్కడి సూపర్‌వైజరు తలుపు దగ్గరే నిలబడి, ఆమె గురించి ముందే విన్నట్టు, ఒక నవ్వు నవ్వాడు. సంతకానికి ఒక కాగితం చాపాడు. "ఇక్కడ పెద్దగా ఏమీ ఉండదమ్మా. పరీక్షించడం, సంతకం పెట్టడం" అన్నాడు.

ఆమె సంచి కిందపెట్టి, కుర్చీ దుమ్ము చేత్తో దులుపుకుని కూర్చుంది. ఆ కాగితాన్ని తిరగేసి, వెనక ఖాళీ వైపు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టింది. జేబులోంచి పెన్ను తీసింది.

"మీ రూట్లన్నీ ఒక్కొక్కటే చెప్పండి" అంది. "జనం ఎక్కడ ఎక్కుతారు, టికెట్ ఎక్కడ కొడతారు. రెండూ వేరువేరుగా."

"ఎందుకమ్మా అదంతా?"

"కూర్చోండి" అంది. "ఆలస్యమవుతుంది."