తాండూరు దాకే

పక్కింటి అక్క కరాచీ నుంచి తాండూరుకు వచ్చింది 1965 ఎండాకాలం చివర. నాకంటే అయిదారేళ్ళు పెద్దది. మా రెండిళ్ళకూ నడుమ నాపరాళ్ళు పేర్చిన ఒకటే గోడ. వాళ్ళమ్మను నేను ఖాలా అనేదాన్ని, అక్క మా అమ్మను చిన్నమ్మా అనేది.

అక్క భర్త తాలూకా కచేరీలో గుమాస్తా. 1948 పోలీస్ యాక్షన్ తరువాత ఆయన కొలువు పోయింది. కచేరీలో ఉర్దూ పోయి వేరే భాష వచ్చింది, ఆయనకు రాయడం వచ్చింది ఉర్దూ ఒక్కటే. కొన్నాళ్ళు ఓపిక పట్టాడు. కరాచీలో ఉన్న మేనమామ రమ్మంటే బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కాడు. మరుసటి ఏడు అక్క కూడా వెళ్ళింది. అది పరాయి దేశం పోవడమని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు. కొలువు కోసం బొంబాయి పోయినట్టే, కాకుంటే ఇంకొంచెం దూరం అనుకున్నాం.

ఖాలాకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని తెలిసి, ముగ్గురు పిల్లలను అత్త దగ్గర వదిలి వచ్చింది అక్క. చిన్నదానికి నాలుగేళ్ళు. వీసా మూడు నెలలు. వచ్చిన రోజే ఠాణాకు పోయి పేరు రాయించుకోవాలి. నేను తోడు వెళ్ళాను. జవాను పెద్ద బుక్కులో 'పాకిస్తానీ' అని రాస్తుంటే అక్క నవ్వింది.

"గీ ఠాణా ఎనుక గల్లీలనే పుట్టిన భాయ్. గది గూడ రాస్కో" అన్నది.

ఆయన నవ్వలేదు.

ఆమె తెలుగు చెక్కుచెదరలేదు. ఎట్లా అని అడిగితే, "ఆడ ఎవ్వల్తోని మాట్లాడుత? వంట చేస్కుంట నాతోని నేనే మాట్లాడుకునేదాన్ని. పిల్లలు చూసి నవ్వుదురు, అమ్మీకి పిచ్చి లేసిందని" అన్నది.

ఆమెకు ఒక చెల్లె ఉంది, సేడంలో. రైలులో గంట ప్రయాణం. ఆ చెల్లె పెళ్ళి అయినప్పుడు తాండూరూ సేడమూ ఒకే రాజ్యంలో, ఒకే జిల్లాలో ఉండేవి. 1956లో భాషలను బట్టి రాష్ట్రాలు చేసినప్పుడు, ఎక్కువమంది కన్నడం మాట్లాడతారని సేడం మైసూరు రాష్ట్రానికి పోయింది, మేము ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. మా అంగడిలో సగం బేరాలు కన్నడంలోనే సాగేవి, వాళ్ళ అంగడిలో తెలుగు వినబడేది. కాని గీత ఎక్కడో ఒకచోట గీయాలి కదా. చెల్లె భర్త సర్కారు బడిలో పంతులు. అక్క వచ్చిన వారానికే పోలీసులు వాళ్ళింటికి వెళ్ళి వివరాలు అడిగారట. ఇక ఆయన భార్యను తాండూరు పంపలేదు.

అందుకని అక్కే సేడం పోదామనుకుంది. అనుమతి ఇచ్చే అధికారి వికారాబాదులో ఉంటాడంటే, అక్కడిదాకా పోవడానికి ఠాణాలో చీటీ రాయించుకుని ఇద్దరం పొద్దుటి బండికి వెళ్ళాం.

"గంట ప్రయాణం సార్. పొద్దుగాల పోయి మాపటికి వస్త" అన్నది అక్క.

ఆయన కాగితాలు తిరగేశాడు. "సేడం మైసూరు రాష్ట్రం అమ్మా. నా మాట అక్కడ చెల్లదు. మీ కాగితంలో తాండూరు అని ఉంది. తాండూరు దాకే."

"మా చెల్లె పెండ్లప్పుడు అంత ఒకటే ఉండె సార్."

"అప్పుడు అన్నీ ఒకటే ఉండె" అన్నాడు ఆయన. చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు తెప్పించాడు. బెంగళూరుకు అర్జీ పెట్టుకోమని చెప్పాడు. పెట్టుకున్నాం. దానికి జవాబు రాలేదు.

తిరుగు బండి ధారూర్ దాటింది. అక్క కిటికీలోంచి చూస్తూనే అన్నది: "పాకిస్తాన్‌ది, హిందుస్తాన్‌ది కొట్లాట అంటే సమజైతది. కన్నడోళ్ళకు తెలుగోళ్ళకు నడుమ నేనేడ అడ్డమొచ్చిన?"

తిరిగి పోవడానికి ఇంకా వారం ఉందనగా యుద్ధం వచ్చింది. దారులు మూశారు, టపా ఆగిపోయింది. పాకిస్తాన్ కాగితాలున్న వాళ్ళు రోజూ ఠాణాకు వచ్చి సంతకం చేయాలన్నారు. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. బడికి పోయే ముందు అక్కతో ఠాణా దాకా నడిచేదాన్ని.

మా తమ్ముడు అప్పుడు ఫౌజులో, పంజాబ్ వైపు ఉన్నాడు. అమ్మ పొద్దున లేస్తూనే హోటల్ ముందు నిలబడి రేడియో వినేది. అంతకుముందు ఖాలాకు జొన్నరొట్టె పాలలో నానబెట్టి తన చేతితో తినిపించిన మనిషి, ఆ ఇంటివైపు చూడడమే మానేసింది.

ఒకరోజు అక్క గోడ మీదుగా పిలిచింది. "చిన్నమ్మా, తమ్ముని జాబు వచ్చిందా?"

అమ్మ కందులు చెరుగుతూ ఉంది. తల ఎత్తలేదు. అక్క కాసేపు నిలబడి లోపలికి పోయింది.

"అట్ల జేస్తివేందమ్మా" అన్నాను.

"ఆమె మొగడు ఆడ, నా కొడుకు ఈడ. ఏం మాట్లాడాలె? నువ్వు గూడ రేపటి సంది ఆమె ఎంబడి పోకు. ఊరంత చూస్తున్నరు" అన్నది అమ్మ. గొంతు పెంచలేదు. గోడ అవతలికి వినబడాలనే అన్నదేమో కూడా నాకు తెలియదు.

మరుసటి రోజు నేను వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పి పంపాను. ఆ తరువాత ఏ సాకూ చెప్పనక్కర లేకపోయింది, అక్కే పిలవడం మానింది. బుర్ఖా వేసుకుని ఒక్కతే పోయేది. అంగడిలో 'జాసూస్' అని ఎవరో అన్నారని విన్నాను. ఏం తెలుసుకుని ఏం చేరవేస్తుంది ఆమె? బండ గనుల సంగతా, కందుల ధరా?

యుద్ధం మూడు వారాల్లో ఆగింది. దారులు మాత్రం తెరవలేదు. పిల్లల నుంచి ఒక్క జాబు లేదు. చలికాలం అయిపోయే వేళకు ఉత్తర్వు వచ్చింది: దేశం విడిచి వెళ్ళాలి, సరిహద్దు దాకా పోలీసు తోడు వస్తాడు.

బయలుదేరే పొద్దున అక్క గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది. అమ్మ ఉండగానే వెళ్ళాను. ఖాలా మంచం మీద ఉంది. మాట లేకపోయినా అంతా అర్థమయింది ఆమెకు. బాగున్న చేత్తో అక్క బుర్ఖా అంచు పట్టుకుని విడవలేదు. బయట జవాను దగ్గుతున్నాడు.

"నువ్వే ఇప్పు చెల్లె. నాతోని గాదు" అన్నది అక్క.

నేను ఇప్పాను. ఒక్కొక్క వేలు. అంత బలం ఆ చేతిలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

సేడం దాకా వస్తానని బండి ఎక్కాను. బొంబాయి బండి సేడం మీదుగానే పోవాలి. చెల్లెకు కబురు ముందే పంపాం. సేడంలో బండి ఆగగానే అక్క కిటికీ కడ్డీలకు మొహం ఆనించింది. ప్లాట్‌ఫారం మీద చెల్లె లేదు. దిగుతానంటే జవాను ఒప్పుకోలేదు. "ఈడ దిగే హుకుం లేదమ్మా" అన్నాడు. బండి కదిలేటప్పుడు నేను దిగిపోయాను. అక్క నావైపు చూడలేదు, స్టేషన్ గేటు వైపే చూస్తూ పోయింది.

చెల్లె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఆమె నన్ను గుమ్మంలోనే ఆపి ఏడ్చింది. "రైలు గేటు కాడ నిలవడి చూసిన. ఏ డబ్బల ఉన్నదో తెలువలే. స్టేషన్‌కు వస్తే ఆయన నౌకరి పోతదన్నరు" అన్నది.

ఖాలా ఆ వానాకాలంలో పోయింది. టపా మళ్ళీ మొదలయ్యాక ఆ సంగతి నేను కరాచీకి రాశాను. చాలా రోజులకు అక్క జాబు వచ్చింది. వీసాకు పెట్టుకుంటే ఇవ్వలేదట. వాళ్ళమ్మ చివరికి ఏమన్నా అన్నదా, మాట వచ్చిందా అని అడిగింది.

అప్పటికి తమ్ముడు సెలవుకు వచ్చి ఉన్నాడు. కవరు మీది ముద్ర చూసి, "ఫౌజు మనిషి ఇంటికి ఆడికెళ్ళి జాబులేంది అక్కా? నన్ను అడుగుతరు" అన్నాడు. కోపంగా అనలేదు, భయంగా అన్నాడు. ఆ జాబుకు నేను జవాబు రాయలేదు. ఆమె మరొకటి రాసింది. ఆ తరువాత ఆమె కూడా రాయలేదు.