వంటింటి ఊతకర్ర

పొద్దున్నే ముఖమైనా కడుక్కోకుండా వడ్రంగి వంటింట్లోకి వెళ్లి, తలకు తగిలేంత కిందికి ఉన్న దూలం కింద నిలబెట్టిన ఊతకర్రను చూసుకుంటాడు. దాని అడుగున బిగించిన చెక్కముక్కను సుత్తితో తట్టి, చెవి ఒగ్గి వింటాడు. పాత కొయ్య ఇల్లు అది. దూలానికి ఈ కర్ర ఊతమిచ్చి, పుచ్చిపోయిన స్తంభం తీసి కొత్తది పెడదామని భార్య బతికుండగా పని మొదలుపెట్టాడు. ఆమె పోయాక స్తంభం నిలబెట్టాడు గానీ, ఊతకర్ర తీయలేదు. తీస్తే ఇల్లు కూలుతుందంటాడు. అందుకే ఒక్క పూటైనా ఊరు దాటడు. అన్నం కూడా ఆ కర్రకు వీపు తగలకుండా ఒదిగి కూర్చునే తింటాడు.

ఒకరోజు చెల్లెలు బండి కట్టించుకుని వచ్చింది. "నాలుగు రోజులు మా ఇంట్లో ఉందువుగాని, రా అన్నయ్యా."

"నేనొస్తే దీన్నెవరు చూస్తారే?"

"వదిననైనా ఇంతలా కనిపెట్టుకుని ఉండలేదు నువ్వు!" అంటూ ఆమె సుత్తి లాక్కుని చెక్కముక్క మీద ఒక్కటేసింది. ముక్క ఊడిపోయి కర్ర దబ్బున పడింది. అతను రెండు చేతులూ ఎత్తి దూలాన్ని పట్టుకున్నాడు. దూలం కిమ్మనలేదు. దాని బరువంతా కొత్త స్తంభం ఎప్పటినుంచో మోస్తూనే ఉంది.

"చూశావుగా, ఇక చేతులు దించు."

అతను దించలేదు. "ఆ కర్ర ఇలా అందుకో తల్లీ," అన్నాడు.