వాగు కదిలిన పొలిమేర

"వీడు నిద్రలోనే ఊపిరి తీయడం ఆపేస్తే నాకెలా తెలుస్తుంది?"

డెర్వ్లా ఈ మాట అన్నప్పుడు సబీనా మనెల్లీ రొట్టె పిండి కలుపుతోంది. చేతులు ఆపలేదు.

"తెలీదు పిల్లా. ఎదురుగా కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసినా తెలీదు. ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది."

ఇంకెవరైనా అయితే "ఏం కాదులే" అనేవారు. డెర్వ్లాకు ఆ మాట నచ్చేది కాదు. ఆమె నీటి శాస్త్రం చదివింది. పీటు నేలల్లో, అంటే కుళ్లిన నాచు పేరుకున్న చిత్తడి నేలల్లో, నీటిమట్టం కొలవడం ఆమె ఉద్యోగం. బిడ్డ పుట్టేదాకా, దేన్నైనా కొలిస్తే చాలు, దాని గురించి భయం పోతుందనుకునేది. ఐదు నెలల కహల్‌ను వారానికి మూడు రోజులు సబీనా దగ్గర వదిలి వెళ్తుంది.

సబీనాకు ఎనభై నాలుగేళ్లు. పుట్టింది ఎర్రిస్ బరోనీ తూర్పు అంచున. వాగు దాటితే టిరాలీ బరోనీ. పరగణాల్లాంటి ఈ బరోనీలు ఇప్పుడు పాత దస్తావేజుల్లో, పాత పటాల్లో తప్ప ఎక్కడా లేవు. అయినా ఆ వాగు గట్టున అవతలివాళ్లు ఎప్పటికీ అవతలివాళ్లే. బంగాళాదుంపలు కుళ్లిన కరువేళ్లలో ఎర్రిస్ నుంచి తిండి కోసం తూర్పుకు నడిచినవాళ్లు చాలామంది ఆ వాగు దాటకముందే చచ్చిపోయారని సబీనా తాత చెప్పేవాడు.

ఆమె మాత్రం అవతలివాణ్ణే చేసుకుంది. ఆస్టిన్ టిరాలీ మనిషి. "వాడితోపాటు కాసిని గొర్రెలైనా వస్తాయనుకుంది మా అమ్మ. వచ్చింది వాడూ, వాడి ఆకలీ" అని నవ్వేది.

పెళ్లయిన రెండో ఏడు, అరవై ఒకటి మార్చిలో, మగపిల్లాడు పుట్టాడు. ఫాదర్ వచ్చి నీళ్లు చల్లేలోపే పోయాడు. బాప్టిజం లేని బిడ్డకు చర్చి నేలలో చోటు లేదు. అలాంటి పిల్లల్ని తండ్రులే తీసుకెళ్లి పొలిమేరలో, అటు బరోనీదీ ఇటు బరోనీదీ కాని నేలలో పూడ్చి, పైన ఒక తెల్ల పలుగురాయి పెట్టి వచ్చేవారు. తల్లులు వెళ్లేవారు కాదు, అడిగేవారూ కాదు. ఆస్టిన్ సబ్బుల పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వెళ్లాడు. తిరిగొచ్చి చేతులు కడుక్కుంటూ ఒక్క మాటన్నాడు: "వాగు పక్కనే, మన ఒడ్డున."

ఆ వేసవిలో సబీనా బంగాళాదుంపలు తవ్వడానికి స్కాట్లండ్ వెళ్లిపోయింది. రెండేళ్లు అక్కడే ఉంది. తిరిగొచ్చి ముగ్గురు ఆడపిల్లల్ని కన్నది, ముప్పై ఏళ్లు బడిలో వంట చేసింది. ఆస్టిన్ బతికున్నంతకాలం వాగు వైపు వెళ్లలేదు. అతను పోయిన నెలకు వెళ్లింది. ఒడ్డున చిన్న దిబ్బ కనిపిస్తే అదే అనుకుని, తనే ఒక తెల్లరాయి పెట్టుకుంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం అక్కడే జపమాల తిప్పుతోంది. ఇదంతా డెర్వ్లాకు తనే చెప్పింది.

ఆ వసంతంలో డెర్వ్లా పని ఆ వాగు మీద పడింది. పాత పటాన్ని ఆకాశం నుంచి తీసిన కొత్త ఫొటో మీద పరిచి చూస్తే బరోనీల గీత వాగు వెంట లేదు. రెండు వందల గజాలు తూర్పున, స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల తోట మధ్యలోంచి పోతోంది. ఆ గీత పక్కనే చిన్న అక్షరాల్లో 'పిల్లల శ్మశానం' అని ఉంది. డెర్వ్లా ఊళ్లో ఒక ముసలాయన్ని అడిగింది. "అరవై రెండులో కొండచరియ మీద పీటు జారింది కదమ్మా, వాగు పక్కకు దొర్లిపోయింది. ఊరందరికీ తెలుసే" అన్నాడు. ఊరందరికీ తెలిసినప్పుడు సబీనా స్కాట్లండ్‌లో ఉంది. తెలిసిన విషయం మళ్లీ ఎవరు చెబుతారు?

పదకొండు రోజులు డెర్వ్లా నోరు విప్పలేదు. ఇన్నేళ్ల ప్రార్థన ఉత్త దిబ్బ మీదేనని ఈ ముసలామెకు చెప్పడం దేనికి? చెప్పకపోతే ఆమె తన బిడ్డ దగ్గరికి ఒక్కసారైనా వెళ్లకుండానే పోతుంది.

"నీ మొహం చూస్తే పొయ్యి మీద పాలు మరిచిపోయి వచ్చినదానిలా ఉన్నావు. కక్కు" అంది సబీనా.

డెర్వ్లా పటం బల్ల మీద పరిచి చూపించింది. సబీనా ఆ గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది.

"అయితే ఇన్నేళ్లూ గొర్రెల మేతకి జపం చేశానన్నమాట."

"సబీనా, నేను..."

"ఊరుకో. కోటు అందుకో."

కహల్‌ను గుడ్డతో రొమ్ముకు కట్టుకుని డెర్వ్లా ముందు నడిచింది. తోటలో పట్టపగలే చీకటి. గడ్డి పరక లేదు. పాత వాగు గుంట ఆనవాలు దొరికింది, దాని ఎర్రిస్ ఒడ్డూ దొరికింది. తెల్లరాళ్లు కనిపించాయి. కానీ మొక్కలు నాటేటప్పుడు తవ్విన కాలువ వాటి మధ్యగుండా పోయింది. చెట్లు కొట్టే యంత్రం చక్రాల దారి మిగతావాటిని కుమ్మేసింది. కొన్ని రాళ్లు కాలువలో గుట్టగా పడి ఉన్నాయి, కొన్ని చెట్ల వేళ్ల మీదకు లేచాయి. ఏ రాయీ పెట్టిన చోట లేదు.

సబీనా వంగి ఒక రాయి తీసింది, తుడిచింది, కింద పెట్టింది. ఇంకొకటి తీసింది. తర్వాత మోడు మీద కూర్చుండిపోయింది.

"వీటిలో వాడిది ఏ రాయో తెలియదు" అంది.

"నేల లోపలికి చూసే పరికరాలు ఉన్నాయి. మా ఆఫీసులో అడుగుతాను..."

"వద్దు. ఈ మట్టిలో ఎముక నిలవదని నువ్వే కదూ చెప్పావు?"

చెప్పింది. పీటులోని ఆమ్లం గురించి ఒకసారి టీ తాగుతూ సరదాగా చెప్పింది. డెర్వ్లా తల దించుకుంది.

"తప్పు నీది కాదు, వాగుదీ కాదు" అంది సబీనా. "ముప్పై ఒక్క ఏడు ఆస్టిన్ పక్కన పడుకున్నాను. వాడికి తెలుసు వాగు కదిలిందని. ఏ రోజైనా 'ఎక్కడ, ఆస్టిన్? ఏ రాయి?' అని అడిగుంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడేమో. అడిగితే బాధపడతాడని నేనూ, చెబితే నేను బాధపడతానని వాడూ. మీ ఆయన ఎలాంటివాడు?"

"ఫింటన్ మంచివాడే. మాట్లాడడు."

"ఆస్టినూ మంచివాడే. విను పిల్లా. మనిషి నోరు మూసుకున్న రోజే అడుగు. మర్నాటికి ఇద్దరికీ అలవాటైపోతుంది. ఆ తర్వాత ఎంత గింజుకున్నా నోరు రాదు."

సబీనా మరుసటి ఫిబ్రవరిలో పోయింది. కహల్ పుట్టిన నాడు డాక్టరు బయటికి పిలిచి తనకు ఏం చెప్పాడో ఫింటన్ డెర్వ్లాతో ఎన్నడూ అనలేదు. సబీనాతో తోటలోంచి వచ్చిన ఆ సాయంత్రమే, అతను బూట్లు విప్పుతుండగా డెర్వ్లా అదే అడిగింది. జవాబు మంచిది కాదు: పుట్టగానే కహల్ కాసేపు ఊపిరి తీయలేదట. అప్పటినుంచి, అతను మౌనంగా ఇంటికొచ్చిన ప్రతి రోజూ, అన్నాలకు కూర్చోకముందే ఏమైందని అడుగుతుంది.