బార్గీర్ గుర్రం

పాతబస్తీ జహనుమాలో లారీ దిగేసరికి వాన. డెబ్బైలలో ఒక ఆషాఢం. ఎనిమిది గుర్రాలు, ఎనిమిది మంది సవార్లు, మా మీద ఒక దఫేదార్. గొడవలై కర్ఫ్యూ పెట్టారు, గల్లీల్లో గుర్రాల మీద పహారా మా పని. బస ఒక పాత జాగీర్దారు గుర్రపుశాల. పైకప్పు కారేది. పొడి చోటు ముందు గుర్రాలకు చూశాం, మిగిలింది మాకు.

నాదీ ఈ పాతబస్తీయే, మాదన్నపేట. పాడి ఇల్లు, ఆరు బర్రెలు. దేశమంతా తిప్పి సర్కారు నన్ను నా గల్లీకే పంపింది. ఒకరోజు మా ఇంటి ముందు నుంచే పోయాను. అమ్మ గడపలో నిలబడి ఉంది. గుర్రం మీద ఉండగా ఎవరితోనూ మాట్లాడొద్దని హుకుం. చూశాను, పోయాను.

నా గుర్రం పేరు రేష్మా. ఎర్రటి ఆడగుర్రం. చౌరస్తాలో తడిసిన బండల మీద దాని వెనక ఎడమ కాలు జారింది. ఇద్దరం పడ్డాం. నాకేం కాలేదు. అది లేచింది, మూడు కాళ్ల మీద.

దఫేదార్ వంగి చూసి నిట్టూర్చాడు. "డాక్టర్ సాబ్ వస్తడు. కాలు కింద పెడితే వేలంకు పోతది. ఉస్మాన్‌గంజ్ బండ్లోళ్లు పాడుకుంటరు, లేకుంటే మీ ఇంటోళ్లు పాడుకోన్రి. పెట్టకపోతే గోలీ. గంతే."

గుర్రాలకు నాడాలు కొట్టడానికి ఒక ముసలాయన వచ్చేవాడు. నిజాం కాలంలో రిసాలాలో, అంటే గుర్రపు దళంలో, పనిచేసిన మనిషి. రేష్మా కాలు నిమురుతూ అడిగాడు.

"నువ్వు సిలేదార్‌వా బేటా, బార్గీర్‌వా?"

"ఏంది చాచా గవి?"

"సొంత గుర్రం తెచ్చుకొని నౌకరీ చేసేటోడు సిలేదార్. పరాయి గుర్రం ఎక్కేటోడు బార్గీర్. సిలేదార్ అయితే గుర్రాన్ని ఇంటికి తోలుకపోతడు. బార్గీర్‌కు ఏమున్నది? దిగుమంటే దిగుడే."

"గట్లయితే నేను బార్గీర్‌నే."

ఆయన చేతనే ఇంటికి కబురు పంపాను. కర్ఫ్యూ సడలించినప్పుడు అమ్మ దగ్గర నుంచి ఉడికించిన చింతాకు ముద్ద, ఉప్పు మూట వచ్చాయి. "వేడివేడిగ కట్టుమన్నది," అన్నాడు ముసలాయన. "వేలం తనే పాడుతదంట. బర్రెల పక్కన కట్టేస్తదంట. ఫికర్ చేయకుమన్నది."

కట్టాను. వాపు తగ్గింది. కాలు మాత్రం పెట్టదు. గిట్ట అంచు నేలకు తాకించి ఎత్తేసేది. "పెట్టవే తల్లీ, నీకు దండం పెడతా," అని బతిమాలాను. గుర్రాన్ని అంతగా బతిమాలినవాణ్ణి మీరు చూసి ఉండరు.

డాక్టర్ చెప్పాపెట్టకుండా వచ్చాడు. మేం అన్నం తింటున్నాం. వానకోటు కూడా విప్పలేదు. మూడు కాళ్ల మీద నిలబడ్డ గుర్రాన్ని చూశాడు, కాలు నొక్కాడు, తల అడ్డంగా ఊపాడు. అంతే, తేలిపోయింది.

గుర్రాన్ని సాగనంపేటప్పుడు అందరం వరసలో నిలబడటం మా ఆనవాయితీ. కళ్లెం దాని సవార్ పట్టుకోవాలి. పట్టుకున్నాను. దఫేదార్ గొంతెత్తాడు.

"రిసాలా, సావధాన్!"

రేష్మా కాలు దించింది. గిట్ట మొత్తం నేలకు ఆనించింది. రోజూ పొద్దున పరేడ్‌లో నిలబడ్డట్టే, చెవులు ముందుకు పెట్టి, నాలుగు కాళ్ల మీద నిలబడింది.

"సాబ్! కాలు పెట్టింది సాబ్!"

"అది ట్రైనింగయ్యా," అన్నాడు డాక్టర్. "నయమైనట్టు కాదు."

  డాక్టర్ వచ్చినప్పుడే సావధాన్ హుకుం ఇచ్చి ఉంటే? అయ్యో, రోజూ అరిచే మాట, మాలో ఒక్కడికీ తట్టలేదు. డాక్టరన్నది నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. తుపాకీ పేలింది. కళ్లెం నా చేతిలోనే ఉంది. ఏడుపు రాలేదు. రావాలి కదా అనుకున్నాను.

కర్ఫ్యూ ఎత్తేశాక ఏడు గుర్రాలతో లారీలు వెనక్కి మళ్లాయి. తర్వాత సెలవు దొరికి ఇంటికి వచ్చాను. బర్రెల పక్కన చోటు ఊడ్చి ఉంది. కొత్త గుంజ పాతి ఉంది.

"ఏదిరా గుర్రం?" అంది అమ్మ.

"పోయిందమ్మా."

"కాలు పెట్టలేదా?"

"పెట్టింది."

ఆమె బర్రెకు కుడితి పెట్టడానికి లేచింది.

ఇప్పుడు మా ఇంటి వెనక బడి ఉంది. పొద్దున్నే డ్రిల్లు మాస్టారు సావధాన్ అని అరుస్తాడు. పిల్లలంతా తలలెత్తుతారు. నేను నేల వంక చూస్తాను. తడి మట్టిలోకి ఎర్రటి వెనక కాలొకటి మెల్లగా దిగుతుంది.